పదకొండు తర్వాత

వీరప్ప సార్ ఎవరి ఇంగ్లీషు దిద్దినా కాగితం మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి దిద్దేవాడు. చదువుతున్న వరుస కింద స్కేలు ఉండేది. ఆ కిందిదంతా ఆయన లెక్కలో ఇంకా పుట్టనట్టే. వరుసలో పనికిరాని మాట లేదని తేలితే స్కేలు ఒక వరుస కిందికి జరిగేది. ఉందని తేలితే పైకి లేచి బల్ల అంచు మీద టప్పున పడేది. ఆ తర్వాతే ఎర్ర కలం మూత తెరుచుకునేది. బడి నుంచి రిటైరై తొమ్మిదేళ్లయింది. బల్ల అంచున ఆ ఒక్కచోట రంగు లేచిపోయి, చెక్క మానిన పుండు మీది చర్మంలా పలచగా మెరుస్తుంటుంది.

నారాయణఖేడ్ చుట్టుపక్కల పెద్ద చదువు చదివే వాళ్లెవరైనా రాసిందాన్ని ఆయన చేతుల మీదుగా నడిపించుకోవాల్సిందే. యూనివర్సిటీ వాళ్లు థీసిస్ వెంట భాష సక్రమంగా ఉందన్న సర్టిఫికెట్ ఒకటి అడుగుతారు. దాని కింద వీరప్ప సంతకం ఉంటే ఎవరూ మారుమాట అడగరు. మాట్లాడే ఇంగ్లీషు వేరు, రాసే ఇంగ్లీషు వేరు అన్నదే ఆయన మతం. 'కిడ్స్' కనబడితే కొట్టేసి 'చిల్డ్రన్' రాసేవాడు. 'ఎ లాట్ ఆఫ్' ఉన్నచోట ఎందరో, ఎన్నో తేల్చమనేవాడు. 'గాట్' అన్న మాట మీద మాత్రం ఆయనకు పాతపగ. ఏమీ తోచనివాడు అన్నింటికీ వాడుకునే మాట అది అనేవాడు.

"పొలంల తిరిగిన కాళ్లతోని పెండ్లి పందిట్లకు వస్తమా? కడుక్కొని వస్తం. మాట గూడ గంతే," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

ఆ ఉదయం రోజ నాలుగో అధ్యాయం పట్టుకొని వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, నాగల్‌గిద్ద వైపు ఊరు, హైదరాబాదులో పరిశోధన. సరిహద్దు మండలాల పిల్లలు ఇంగ్లీషు రాయడానికి ఎందుకు భయపడతారన్నది ఆమె విషయం. మొదటి మూడు అధ్యాయాలూ వీరప్పే దిద్దాడు. రెండో అధ్యాయం దిద్దిన రోజు, ఈ పిల్లకు మాట విలువ తెలుసని రోజ ఎదుటే భార్య ఇంద్రమ్మతో అన్నాడు. ఆయన ఎవరినీ అంతమాట అన్నది లేదు.

"రేపు సాయంత్రం అయిదింటి వరకు ఇచ్చెయ్యాలె సార్. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచిండ్రు, ఇగ పెంచరు," అంది రోజ, సర్టిఫికెట్ కాగితం అధ్యాయం పక్కన పెడుతూ. "ఇది చూసి సంతకం పెడితే మధ్యాహ్నం బస్సుకు పోత."

"కూసో. నువ్వు రాసినదాంట్ల నాకు పని తక్కువనే ఉంటది," అన్నాడు వీరప్ప. స్కేలు సర్దుకున్నాడు.

లోపలింట్లో ఇంద్రమ్మ జొన్నలు చెరుగుతోంది. చాట చప్పుడు ఒకే లయలో వస్తోంది.

అది సాక్ష్యాల అధ్యాయం. పెద్దవాళ్లయిపోయిన పిల్లలు తమ బడి రోజుల గురించి చెప్పినవి. పేర్లు ఉండకూడదని నియమం కాబట్టి చెప్పినవాళ్లకు ఆర్ అనీ, టీచర్లకు టీ అనీ నంబర్లు ఇచ్చింది. టీ-2 ఒక పిల్లను ఎండలో బండరాయి మీద మోకాళ్లపై నిలబెట్టాడు. సాయంత్రానికి ఆ మోకాళ్లకు చర్మం లేదు. టీ-4 వేళ్ల మధ్య పెన్సిల్ పెట్టి పిడికిలి బిగించి నలిపేవాడు. టీ-5 జుట్టు పట్టి తల నల్లబల్లకు మోదితే సుద్ద రాతలో నెత్తురు అంటుకుంది. ఆ నెత్తురు తుడవకుండానే మిగతా పాఠం దాని మీదే రాశాడు. స్కేలు ఒక్కో వరుసా దిగుతోంది. ఒకచోట 'రియల్లీ బ్యాడ్' అన్నదానికి టప్పున పడింది. 'సివియర్' అని రాశాడు. ఇంకోచోట 'స్కేర్డ్' తీసేసి 'ఫియర్‌ఫుల్' పెట్టాడు. దెబ్బలన్నీ ఆయన కంటికి మాటలుగానే ఆనాయి. మాటల కింద ఎవరివో మోకాళ్లు, ఎవరివో వేళ్లు ఉన్నాయన్న సంగతి స్కేలు కింద మూతబడిన వరుసల్లాగే కనబడకుండా ఉండిపోయింది.

నూట పన్నెండో పేజీలో ఆర్-19 వచ్చాడు. పదో తరగతి. 'మా కుటుంబం' మీద వ్యాసం. నాన్న బర్రెను తెచ్చాడు, బర్రెకు దూడ పుట్టింది, చెల్లికి జ్వరం వచ్చింది, అమ్మ మందు తెచ్చింది. తేవడానికీ, పుట్టడానికీ, రావడానికీ అన్నింటికీ ఆ పిల్లవాడు ఒకే మాట రాశాడు. గాట్. మొత్తం పదకొండుసార్లు. టీ-7 అనే టీచరుకు ఒక నియమం ఉండేది. పనికిరాని మాట ఎన్నిసార్లు రాస్తే అన్ని దెబ్బలు. తరగతి మొత్తం గట్టిగా లెక్కపెట్టాలి.

వీరప్పకు మొదట కలిగింది భయం కాదు. తన నియమం ఎక్కడా వంకర పోకుండా కాగితం మీదికి ఎక్కిందన్న తృప్తి. చిన్నప్పుడు తనకు చదువు చెప్పిన పంతులు లెక్కాపత్రం లేకుండా కొట్టేవాడు. ఎప్పుడు మొదలెడతాడో, ఎప్పుడు ఆపుతాడో తెలిసేది కాదు. ఒకసారి వీరప్ప లాగు తడిసిపోయినా ఆపలేదు. టీచరైన మొదటిరోజే వీరప్ప ఒట్టు పెట్టుకున్నాడు. లెక్క ఉన్న దెబ్బ శిక్ష, లెక్క లేనిది కోపం. ముప్పై మూడేళ్లు చింతబరిగె పట్టాడు గాని కోపంతో ఒక్కరిని కొట్టలేదు. తన గురించి తాను నమ్మినదంతా ఆ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది.

స్కేలు ఒక వరుస దిగింది.

పదకొండు దగ్గర తరగతి లెక్క ఆపింది. ఆ తర్వాత టీ-7 డస్టరు అందుకొని దాని చెక్కవైపుతో ఆర్-19ను తల ఎడమ పక్క మరో ఏడుసార్లు కొట్టాడు. ఆ రోజు నుంచి ఆర్-19కు ఎడమ చెవి వినబడదు.

స్కేలు లేవలేదు, దిగలేదు. ఏడు అన్న అంకె నల్లచీమలా కదులుతున్నట్టనిపించింది. తర్వాత చెయ్యి దానంతట అదే ఎర్ర కలం తీసింది. 'సెవెన్' కొట్టేసి 'సెవెరల్' రాసింది. 'స్ట్రక్' కొట్టేసి, క్రమశిక్షణలో భాగంగా శారీరక చర్య తీసుకున్నట్టు ఆరోపణ ఉందని ఇంగ్లీషులో నిండైన మాటలతో రాసింది. వినబడని చెవి 'వినికిడికి సంబంధించిన కొంత ఇబ్బంది' అయింది. ఇంత సాఫీగా ఆ కలం ఎన్నడూ నడవలేదు. ఇది భాషకు సంబంధించిన పనే, ఇంకేం కాదు అని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకోవాల్సి రావడమే కొత్తగా ఉంది.

రోజ మెడ ముందుకు చాచి చూసింది.

"సార్, పోయిన అధ్యాయంల నేను 'సెవెరల్' రాస్తే మీరే కొట్టేసిండ్రు. లెక్క తెల్వకుంటే రాయకు, తెలిస్తే దాచకు అన్నరు."

"అది వేరు, ఇది వేరు. ఇది ఒక మనిషి మీద నింద. పుస్తకంల నింద రాసేటప్పుడు జర వెనక ముందు చూసుకోవాలె."

"పేరు లేదు గద సార్. ఒట్టి నంబరు."

"నంబరైనా మనిషే."

"చెవు పోయినాయన గూడ మనిషే సార్. 'స్ట్రక్' మంచి మాట, గంభీరంగ ఉంటది, పుస్తకంల పెట్టొచ్చు అని మీరే చెప్పిండ్రు. పెద్ద మాట వేరు, సరైన మాట వేరని మా గైడు గూడ అంటది."

"మీ గైడు సంతకం పెడ్తదా ఈ కాగితం మీద?" వీరప్ప వేలితో సర్టిఫికెట్‌ను తన వైపు లాక్కున్నాడు. "సంతకం కావాల్నంటే సెవెరల్ ఉంటది. వద్దంటే తీస్కపో. ఇంకెవలతోనన్న దిద్దిచ్చుకో."

రేపటిలోగా ఇంకెవరూ దొరకరని ఇద్దరికీ తెలుసు. ఆరేళ్ల చదువు ఆ బల్ల మీద ఒక కాగితం ముక్కయి కూర్చుంది. రోజ చూపు తిప్పుకోలేదు.

"ఈ పంతొమ్మిది నంబరోడు ఎవలు?" అన్నాడు వీరప్ప. ఎవరో ఆయనకు తెలుసు. నల్లగా, ఎముకల గూడులా, ముందు వరసలో కూర్చునే పిల్లవాడు. పేరు నోట్లోకి వచ్చి ఆగింది.

"చెప్పొద్దు సార్, నియమం. కాని సార్ అడుగుతడు, అడిగితే ఫోను కలుపు అని ఆయనే చెప్పిండు." ఆమె ఫోను తీసి నంబరు నొక్కి స్పీకర్ పెట్టి బల్ల మీద పెట్టింది. అటునుంచి మోటారు ఉరుము, ఇనుము మీద ఇనుము చప్పుడు వచ్చాయి.

"అన్నా, సార్ దగ్గరున్న. అడుగుతుండు."

అన్నా అన్న పిలుపు వీరప్పకు ఆలస్యంగా అర్థమైంది. చెల్లికి జ్వరం వచ్చింది. వ్యాసంలోని ఆ చెల్లి ఎదురుగా కూర్చొని ఉంది.

"నమస్తే సార్, హనోకును," అంది అటు గొంతు. "కల్హేర్‌ల ఉంట ఇప్పుడు, బోరు మోటర్లు చేస్త. జర ఆగుండ్రి, ఫోను ఇటు చెవుకు పెట్టుకుంట. రెండోది మీ బడిల్నే మర్చి వచ్చిన గద." వెనక ఎవరో నవ్వారు. ఆ జోకు అక్కడ అందరికీ పాతదేనని ఆ నవ్వు చెప్పింది.

"హనోకూ," అన్నాడు వీరప్ప. గొంతు తరగతి గదిలోకి వెళ్లిపోయింది. "పదకొండు. క్లాసంత లెక్కవెట్టింది. నీకు యాదికున్నది."

"ఎందుకు లేదు సార్. పదకొండు దాక వాళ్లు లెక్కవెట్టిన్రు. ఆ మీద భయమై నోర్లు మూసుకున్నరు. నేను లెక్కవెట్టిన. లెక్క తప్పొద్దని మీరే నేర్పిండ్రు గద. ట్వెల్వ్, థర్టీన్ అనుకుంట. ఇంగ్లీషుల్నే సార్, మీకు కోపమొస్తదని. ఎయిటీన్ కాడ మీకు చెయ్యి నొచ్చింది. డస్టరు టేబుల్ మీద పెట్టి, చేతులు దులుపుకొని, ఇగ కూసో అన్నరు. ఆ మాట ఒక్క చెవుకే ఇనవడ్డది."

"అవద్దం."

"సరే సార్, అవద్దమే అనుకోండ్రి." గొంతులో పౌరుషం లేదు. మోటారు గురించి మాట్లాడుతున్నట్టే ఉంది. "ఒకటి అడగాలని శానేండ్ల సంది ఉన్నది. తప్పులు పదకొండే రాసిన. ఆ ఏడు దేనికి సార్? ఏం తప్పు రాసిన?"

వీరప్ప స్కేలు అంచును బొటనవేలితో రుద్దుతున్నాడు.

"చెప్పబుద్ధి అయినప్పుడే చెప్పుండ్రి. ఇక్కడ మోటరు నీళ్లందుకుంటుంది, ఉంట." ఫోను తెగింది.

గది మునుపటికన్నా చిన్నదైనట్టుంది. చాట చప్పుడు అదే లయలో వస్తోంది. రోజ ఫోను సంచిలో వేసుకొని, నెమ్మదిగా, ఎవరినీ నొప్పించని గొంతుతో అంది, "ఏడు ఏడే ఉండనీండ్రి సార్. మాయన్న లెక్కల తప్పడు." అని చెయ్యి చాచి, ఎర్రగా కొట్టేసి ఉన్న 'సెవెన్' మీద వేలు పెట్టింది.

స్కేలు లేచింది. లేచినట్టు వీరప్పకు తెలియలేదు. పడినప్పుడు మాత్రం తెలిసింది. చప్పుడు బల్లదిలా లేదు. తడిగా, లోతుగా ఉంది. ఆయనకు ఒక్క క్షణం చెవుల్లో రక్తం హోరెత్తి, ఆ హోరులో ఏదో హాయి కూడా తోచి, మరుక్షణం ఆ హాయి మీద అసహ్యం పుట్టింది. కళ్లముందు తెల్లగా ఏదో కమ్మి విడిపోయింది. చూసేసరికి స్కేలు తన చేతిలోనే ఉంది. రోజ తన చెయ్యి వెనక్కి తీసుకొని ఒళ్లో పెట్టుకుంది. అరవలేదు. కింది పెదవి పళ్ల మధ్య ఉంది.

లోపల చాట చప్పుడు ఆగిపోయింది.

రోజ ఎడమచేత్తో సంచిలోంచి నోటుబుక్కు తీసింది. ఊళ్లు తిరిగేటప్పుడు వెంట ఉంచుకునే పుస్తకం అది. గోడ గడియారం చూసి తేదీ, సమయం వేసింది. కుడిచేతి వేళ్లు వంగక కలం రెండుసార్లు జారింది. మూడోసారి గట్టిగా పట్టుకొని రెండు వాక్యాలు రాసి, పుస్తకం తిప్పి ఆయన ముందుకు జరిపింది.

"దిద్దుండ్రి సార్."

అలవాటు మనిషికన్నా మొండిది. వీరప్ప స్కేలును మొదటి వరుస కింద పెట్టాడు. ఫలానా తేదీన పదకొండు గంటల ఇరవై నిమిషాలకు భాషా సవరణ చేస్తున్న వ్యక్తి పరిశోధకురాలిని కుడిచేతి కణుపుల మీద స్టీలు స్కేలుతో నాలుగుసార్లు కొట్టారు. అంతకుముందు ఆమె ఒక అంకెను మార్చవద్దని కోరింది. ఇంగ్లీషులో ఆ రెండే వాక్యాలు. బజారు మాట లేదు. ఊగిసలాట లేదు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ముప్పై మూడేళ్లు పిల్లల చేత రాయించాలని కొట్టి కొట్టి చచ్చింది ఇలాంటి వాక్యం కోసమే. స్కేలు ఎక్కడా లేవలేదు.

ఒక్క మాట దగ్గర మాత్రం ఆయన వేలు ఆగింది.

"నాలుగు కాదు," అన్నాడు. "ఒక్కటే."

రోజ చెయ్యి బల్ల మీద పెట్టింది. కణుపుల మీద నాలుగు గీతలు. ఒకదాని పక్కన ఒకటి. స్కేలు అంచంత సన్నగా, లేస్తూ, ఎర్రబడుతూ. చివరిదాని దగ్గర చర్మం చిట్లి, చిన్న నెత్తుటి బొట్టు పగులు పొడుగునా పాకి చిటికెన వేలి వైపు జారుతోంది.

"ఒక్కటే కొట్టిన," అన్నాడు వీరప్ప మళ్లీ. ఆ గీతలు చూస్తూనే అన్నాడు. నిజంగానే ఆయనకు ఒక్కటే గుర్తుంది.

గుమ్మంలో ఇంద్రమ్మ నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ల మీద జొన్న పొట్టు. ఆమె భర్త వైపు చూడలేదు.

"సారు నాలుగు గొట్టిండు బిడ్డా," అంది రోజతో. "నేను లోపల లెక్కవెట్టిన. సారుకు ఎప్పుడైన ఒక్కటే యాదికుంటది. మొదటిది. మిగిలినయి నాకే యాదికుంటయి. పెండ్లయినకాడి సంది లెక్కవెడ్తనే ఉన్న." కొంగు అంచు నోటితో చింపి పీలిక తీసి, రోజ చేతికి చుట్టింది. చుడుతూ, "పసుపు తెస్త, కూసో," అని లోపలికి పోయింది.

వీరప్ప తల దించాడు. బల్ల అంచున రంగు లేచిన చోటు కనబడుతోంది. తొమ్మిదేళ్లలో దాని మీద ఎన్ని పడ్డాయో ఆయనను అడిగితే తప్పుకొకటి అని చెప్పేవాడు. ఆ గుంట మాత్రం ఆ లెక్కకు లోబడేంత చిన్నది కాదు. ఒంట్లో ఎక్కడో గొలుసు తెగినట్టయి, ఇన్నాళ్లూ స్కేలు కింద మూసి ఉంచిన వరుస పైకి వచ్చింది.

పదకొండు. తరగతి ఆగింది. హనోకు రెండు అరచేతులూ లాగుకు తుడుచుకున్నాడు. అరచేతులు వాచి వేళ్లు దగ్గరికి రావడం లేదు. ఏడవలేదు. తలెత్తి, నిజంగా తెలుసుకోవాలని, అడిగాడు. బర్రెకు దూడ పుట్టిందనడానికి గాట్ కాకుంటే ఏం రాయాలె సార్?

వీరప్ప నోరు తెరిచాడు. మాట రాలేదు. పశువు ఈనడానికి ఇంగ్లీషులో ఏమంటారు? ఆయన పుట్టింది బర్రెల కొట్టం పక్కన. పాతికసార్లు బర్రె ఈనుతుంటే దగ్గరుండి చూశాడు. ఆ మాట మాత్రం ఏ పుస్తకంలోనూ తారసపడలేదు. నలభై ఇద్దరు పిల్లలు ఆయన నోటి వైపు చూస్తున్నారు. ఒక నిమిషం ముందు వాళ్ల చేత లెక్కపెట్టించిన నోరు అది. చొక్కా వీపుకు అతుక్కుంది. చిన్నప్పటి తడిసిన లాగు ఒక్కసారిగా కాళ్లకు చుట్టుకుంది. చింతబరిగె అప్పటికే విరిగి కింద ఉంది. చేతికి డస్టరు అందింది. చెక్కవైపు తిప్పి కొట్టాడు. మాట రాలేదు. మళ్లీ కొట్టాడు. పిల్లవాడి తల నల్లబల్ల వైపు ఊగి తిరిగి అదే చోటికి వచ్చింది, మళ్లీ దొరికింది. సుద్దపొడి లేచి పిల్లవాడి జుట్టు సగం ముసలిదైంది. మాట రాలేదు. ఒక్కో దెబ్బకూ ఆ ప్రశ్న ఇంకా లోపలికి దిగుతుందే గాని వదిలిపోవడం లేదు. చెవిలోంచి నెత్తురు సన్నగా దిగి సుద్దపొడిలో కలిసి గులాబీ రంగయింది. ఇగ కూసో అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, మోచెయ్యి నొప్పికి ఇంద్రమ్మ ఉడుకునీళ్ల గుడ్డ పెడుతుంటే, ఎడమచేత్తో డిక్షనరీ తిరగేశాడు. దొరికింది. కావ్డ్. ఒక్క చిన్న మాట. బర్రె ఈనింది. రేపు క్లాసులో మొదట ఇదే చెప్పాలని కూడా అనుకున్నాడు. తెల్లారి హనోకు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. రానివాడికి చెప్పేదేముందని, ఆ మాటతోపాటు ఆ ఏడింటినీ కూడా ఎక్కడో పెట్టి మూసేశాడు.

వీరప్ప ఎర్ర కలం తీశాడు. నూట పన్నెండో పేజీలో తాను రాసినవన్నీ ఒక్కొక్కటే కొట్టేశాడు. 'సెవెన్' కింద చుక్కలు పెట్టాడు. కొట్టేసిన మాట అలాగే ఉండనివ్వమని దిద్దేవాళ్లు పెట్టే గుర్తు అది. 'స్ట్రక్' కింద చుక్కలు. 'ఎడమ చెవి' కింద చుక్కలు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి, పేరు ఒక్కో అక్షరం విడివిడిగా రాశాడు.

"నీ బుక్కుల రాసింది గూడ థీసిస్‌ల పెడ్తవా?" అన్నాడు తల ఎత్తకుండా.

"చివర్ల అనుబంధంల పెడ్త సార్. నంబరు వేసే పెడ్త."

"టీ ఏడే గద నంబరు."

"ఏడే."

"అది దిద్దేతందుకు ఏం లేదు," అన్నాడు. అది ఆమెకు ఆయన ఇచ్చిన రెండో మెప్పు. ఇద్దరికీ ఆ సంగతి తెలిసి ఇద్దరూ చూపులు తప్పించుకున్నారు.

రోజ కాగితాలు సర్దుకుంది. ఇంద్రమ్మ పసుపు అద్దిన చెయ్యి బరువుగా ఎత్తి పట్టుకొని నడుస్తోంది. గుమ్మం దగ్గర వీరప్ప గొంతు ఆపింది.

"మీ అన్నకు ఒక మాట చెప్పాలె. బర్రె ఈనుడుకు..."

"నాకు చెప్పకుండ్రి సార్," అంది రోజ. తిరిగి చూడలేదు. "నేను మోసింది సాలు. నంబరు చిట్టీ మీద రాసి బల్ల మీద పెట్టిన. మీరే చెప్పుండ్రి." చెప్పులు తొడుక్కొని బస్టాండు వైపు పోయింది.

వీరప్ప కుర్చీలో అలాగే ఉన్నాడు. లోపల చాట మళ్లీ మొదలుకాలేదు. ఇంద్రమ్మ లోపల నిలబడి వింటోందని ఆయనకు తెలుసు. ఇన్నేళ్లూ అలాగే విన్నదని ఇవాళ తెలిసింది. స్కేలు మీద రోజ నెత్తురు గోరంత ఎండిపోయి ఉంది. దాన్ని తుడవబోయి, తుడవకుండానే పక్కన పెట్టాడు. ఫోను తీసి నంబరు నొక్కాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు.

"హలో," అంది అటు గొంతు. ఈసారి మోటారు చప్పుడు లేదు.

"హనోకూ, నేను. వీరప్ప." కుర్చీలో ముందుకు జరిగాడు. "ఆ ఏడు దేనికని అడిగినవ్ గద. చెప్తా."

అటు నీళ్లు కాలువలో పడుతున్న చప్పుడు వస్తోంది. తర్వాత బట్టల రాపిడి, ఫోను చెయ్యి మారిన సవ్వడి.

"ఆగుండ్రి సార్," అన్నాడు హనోకు. గొంతు కొంచెం దూరమైంది. "ఫోను ఎడమ చెవుకు పెట్టుకున్న. ఇగ చెప్పుండ్రి. ఎంతసేపైనా చెప్పుండ్రి."

వీరప్ప ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు. లోపల తన గొంతు ఇంద్రమ్మకు వినబడుతుంది. వినవలసిన చోట వినబడదు. అయినా నోరు తెరిచాడు.

"పన్నెండు," అని మొదలుపెట్టాడు.